గొంతుకి విశ్రాంతి

మఫ్లర్ పైన ఉండాలి, అడుగున పెడితే దారిలో చెల్లెలికి చేతికందదు, చలిగాలికి గొంతు పట్టేస్తే ఇంకేముంది, అనుకుంటూ అక్క సూట్‌కేస్‌లోంచి అన్నీ మళ్ళీ బయటికి తీసింది, ముప్పై ఏళ్ళుగా చెల్లెలి పెట్టె సర్దేది తనే, పాటల నాటకాలతో చెల్లెలు ఎన్నో ఊళ్ళు తిరిగింది, తను ఈ మంచం చుట్టూ తిరిగింది, ఫ్లాస్కు, మాత్రలు, మేకప్ తుడుచుకునే పాత తువ్వాలు, చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని చూస్తోంది, మాట్లాడదు, మూడు రోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు, ఏం కావాలన్నా చిన్న నోటు పుస్తకంలో రాసి చూపిస్తుంది, అక్కా, నువ్వూ ఓ పూట నోరు మూసుకుంటే నా చెవులకి కూడా విశ్రాంతి, అని నిన్న రాసింది, చూడు దాని పొగరు, నవ్వొచ్చింది, నవ్వు వెనకే పాత వంటింటి ఆవిరి కమ్ముకొచ్చింది.

ఆవిరిలో పంతొమ్మిదేళ్ళ చెల్లెలు గరిట పట్టుకుని పాడుతోంది, కోరస్‌లో చివరి వరస దానిది, తొమ్మిదేళ్ళు అదే వరస, పొడుగాటి వాళ్ళ వెనక దాని రిబ్బను ఒక్కటే కనబడేది, అయినా ఇంట్లో నాయిక పాత్ర మొత్తం కంఠతా పట్టేది, ఎదుటి మాటలు చెప్పేది అక్క, తడిబట్టలు పిండుతూ రాజు, ఉల్లిపాయలు తరుగుతూ దొంగ, ఇస్త్రీ చేస్తూ ప్రేమికుడు, నువ్విప్పుడు నన్ను ప్రేమిస్తున్నావక్కా, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చెప్తావేంటి, ఓ సాయంత్రం నాయికకి జ్వరం, ఆ వెనక పిచ్చుకకి మాటలన్నీ వచ్చటగా, పంపండి, అన్నాడు దర్శకుడు, అప్పట్నుంచీ ఊళ్ళన్నిటికీ అది పిచ్చుకే, ఆ సాయంత్రం హాల్లో అక్క పెదవులు వాటంతటవే కదిలాయి, చెల్లెలు ఎత్తుకున్న ప్రతి స్వరమూ తన డొక్కలోంచే లేచినట్టు, చప్పట్లు మోగితే తనూ తల వంచింది, పక్కావిడ వింతగా చూసింది.

వీధిలో వేన్ హారన్ కొట్టింది, పెట్టెకి తాళం పడింది, చెల్లెలు లేచొచ్చి గాలిలో వేలితో రాసి చూపింది, పుస్తకమేదీ అని, అయ్యో, అడుగున పెట్టేశానే, అక్కడికెళ్ళాక ఉత్తరం రాద్దువుగాని, చెల్లెలు తల అడ్డంగా ఊపింది, నోరు తెరిచింది, అక్కా, అంది, బొంగురుగా, సగం గాలిగా, అక్క అరచెయ్యి దాని నోటికి అడ్డం పడింది, ష్, ఒక్క మాట కూడా వద్దు తల్లీ, ఎల్లుండి పాడాలి నువ్వు, అరచేతి కింద వెచ్చటి ఊపిరి, మాట కాబోయి ఆగిన ఊపిరి, డ్రైవరు పెట్టె అందుకుని, టైమైందమ్మా, అన్నాడు, వేన్ మలుపు తిరిగింది.

ఎండలో వీధి తేలిపోతున్నట్టుంది, గొంతు కోసమే కదా ఆపాను, అనుకుంది అక్క, గొంతు కోసమేనా, అదేం చెప్పబోయిందో తనకి తెలియదా, రెండు నెలలుగా దాని కళ్ళలో ఉన్నదే, ఇంక పాడలేనక్కా, నేను వెళ్ళను, అని, అది పాడకపోతే ఈ ఇంట్లో తనెవరు, ఎందుకని పొద్దున్నే లేవాలి, ఆ మాట వినాల్సి వస్తుందనే దాని నోరు మూసింది.

చెల్లెలు తిరిగి రాలేదు. ఆ నెల పంతొమ్మిదిన, గురువారం పొద్దున, రిహార్సల్ గదిలో గుండె ఆగి పోయింది.