ఓటీపీ చెప్పని లైనిండ్లు

ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది. బియ్యం మూట, ఇనుప పెట్టె, పొయ్యి, చాప, నారాయణమ్మ సంసారమంతా అందులోనే ఉంది. కదిరి ఊరి చివర లక్ష్మీపతి బాడిగకిచ్చే లైనిండ్ల ముందు, పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే ఆయన తన ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు.

"చూసుకోమ్మా, ఎర్రగా చూపిస్తాంది. నీ స్కోరు బాగలేదు. రూము ఇయ్యలేను."

"స్కోరంటే ఏందన్నా?"

"అప్పు తీసుకుని కంతు ఎగ్గొట్టినావా లేదా అని ఇది చెప్తాది. నువ్వు ఎగ్గొట్టినావు."

"నేను నిన్ను అప్పు అడగలేదన్నా. బాడిగకు ఇల్లడిగినా. అడ్వాన్సు గూడా చేతికిచ్చినా."

"ఇందో, ఎనక్కి తీసుకో. ఓనర్లమంతా మీటింగు పెట్టుకుని తీర్మానం చేసినాం. స్కోరు లేనోళ్ళకు ఈ పక్క యాడా ఇల్లు దొరకదు."

అంతకు కాసేపు ముందే తన ఫోనుకు వచ్చిన ఓటీపీని ఆమే ఆయనకు నోరారా చెప్పింది. గ్యాస్ బండ తెచ్చినవాడికి చెప్పినట్టు చెప్పేసింది పిచ్చిది! ఆ నంబరుతో తన బతుకంతా తెరిచి చూస్తారని ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పరు. మన గొయ్యి మన చేతనే తవ్వించడం ఉన్నవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

నారాయణమ్మది నల్లమాడ పక్కన ఒక పల్లె. ఏటా వేరుశనగ వేయడం, వాన మొహం చాటేయడం, వేసిన విత్తనం కూడా తిరిగి రాకపోవడం. విసిగిపోయిన ఆ పల్లెల ఆడవాళ్ళు బట్టల కంపెనీలో కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. ఇన్నాళ్ళూ కంపెనీ బస్సు పల్లెలకు వచ్చేది. డీజిలు దండగని దాన్ని ఆపేశారు. ఒకటో తారీఖు నుంచి టౌన్లో కాపురం ఉన్నవాళ్ళకే పని అన్నారు. ఆమె భర్త జయరాముడు బెంగళూరులో మేడ కట్టే పనిలో సారవ మీద నుంచి పడి పల్లెలో మంచాన ఉన్నాడు. ఇల్లు దొరక్కపోతే పని లేదు, పని లేకపోతే అతనికి మందుల్లేవు, ఇద్దరికీ తిండి లేదు.

ఆటో తోలే ఎర్రిస్వామి కార్మిక సంఘం మనిషి. ఊరుకోలేక కిందికి దిగాడు. "ఏమన్నా లక్ష్మీపతీ, మనిషిని చూసి ఇల్లిస్తావా, ఫోన్ని చూసి ఇస్తావా?"

"నీ ఇంట్లో పెట్టుకోపో, నీకంత జాలుంటే."

అంతలో లైన్లోంచి ఒక మనిషి విసవిసా వచ్చి ఇనుప పెట్టెను నెత్తికెత్తుకుంది. లక్ష్మీదేవమ్మ. నారాయణమ్మ పల్లె మనిషే, ఈ స్కోర్ల గోల రాకముందే వచ్చి ఈ లైన్లో చేరింది. "పా అక్కా, నా రూముకు. ఎవురడ్డమొస్తారో చూస్తా." లక్ష్మీపతి అడ్డం రాలేదు. అడ్డం వచ్చే పద్ధతులు ఆయనకు వేరే ఉన్నాయి.

మరుసటి పొద్దుకే ఆయన మనిషి తలుపు తలుపూ తట్టాడు. పాతవాళ్ళకు కూడా చెకింగేనట. ఆదివారం లోపల అందరూ ఓటీపీ చెప్పాలట. పచ్చగా వస్తే ఉండొచ్చు, ఎర్రగా వస్తే ఖాళీ చేయాలి.

సాయంత్రం షిఫ్టు దిగగానే కొళాయి దగ్గర జనం చేరారు. ఎర్రిస్వామి కూడా వచ్చాడు. మాటలు పెరిగాయి. కేకలయ్యాయి. అందరికంటే పెద్దగా అరిచింది కల్పన. తనకల్లు నుంచి వచ్చిన పిల్ల, ఒంటరిది, నోటికి జంకు లేదు.

"నాకు స్కోరుండాది. నేను చెప్తా ఓటీపీ. మీరు కంతులు ఎగ్గొట్టి మా నెత్తినెక్కుతారా? ఏం తల్లీ, తీసుకునేటప్పుడు తెలీదా?"

లక్ష్మీదేవమ్మ ముందుకొచ్చింది. "ఎగ్గొట్టలేదమ్మే. నా మొగుడు బయ్యన్న మూడో బోరు గూడా ఎండిపోతే పురుగుల మందు తాగి సచ్చిపోయినాడు. శవం వాకిట్లో ఉండాది. మా ఆడోళ్ళ గుంపు అప్పుకు వారం కంతు వసూలుకొచ్చినోడు ఆడ్నే కుర్చీ ఏసుకుని కూచున్న్యాడు. దుడ్లు తీస్తేగానీ లేసేది లేదన్న్యాడు."

"మా వీదిలో ఒక ఇంట్లో చావైతే దినాలయ్యేదాకా ఎవురూ ఇచ్చిపుచ్చుకునేది లేదు" అంది నారాయణమ్మ. "తోడుకు మజ్జిగ గూడా అడగం. మా గుంపులో ఎవురూ కంతు కట్టరు, లేసి పో అన్న్యా. అన్నింది నేనే. ఎవురం కట్టలేదు. దినాలైనంక వడ్డీతో సహా కట్టేసినాం."

"కట్టేస్తే మళ్ళేంటికి ఎర్రగా చూపిస్తాది?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఎప్పుడు ఆపినారో అది రాసుకుంటాది" అన్నాడు ఎర్రిస్వామి. "ఏంటికి ఆపినారో రాసుకోదు. చావుకు దాంట్లో గడి లేదు."

"మళ్ళా అట్లాంటి దినమొస్తే మళ్ళా అదే చేస్తా" అంది నారాయణమ్మ. "శవం పక్కన కూచోని దుడ్లు లెక్కపెట్టేది మాకు చేతగాదు."

కల్పన మూతి తిప్పింది. "మీ ఊరి ఆచారానికి నా ఇల్లు పోవల్నా?"

"ఈ పొద్దు నీది పచ్చగుండాది" అన్నాడు ఎర్రిస్వామి. "రేపు జరమొచ్చి నెల్లాళ్ళు పనికి పోకపోతే నీదీ ఎర్రగైతాది. అప్పుడు నీ పక్కన ఎవురు నిలబడతారు పాపా? ఓనరు జాలి పడతాడా? ఎద్దు పుండు కాకికి ముద్దా?"

కల్పన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు ఒక్క మాట మీదికి వచ్చారు. పచ్చ అయినా, ఎర్ర అయినా ఓటీపీ ఎవరూ చెప్పకూడదు. అందరూ నోరు మూసుకుంటే ఎవరు పచ్చో ఎవరు ఎర్రో వాడికెట్లా తెలుస్తుంది? నోరు తెరవడమే తిరుగుబాటని విన్నాం ఇన్నాళ్ళూ. ఆ లైనిండ్ల ఆడవాళ్ళు నోరు మూసుకుని తిరగబడ్డారు.

లక్ష్మీపతి బోరు మోటారుకు తాళం వేశాడు. ఈ సీమలో మనిషిని కొట్టాలంటే కర్ర అక్కర్లేదు, నీళ్ళు ఆపితే చాలు. పసిపిల్లల గుడ్డలు ఉతికేందుకు లేదు, కక్కసుకు పోయేందుకు లేదు. మైలు దూరం నుంచి బిందెలు మోసుకొచ్చి, పనికి ఆలస్యంగా పోయి, సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నారు. దప్పిక మీద ఒకరి మీద ఒకరు కస్సుమన్నారు. ఇద్దరు ముగ్గురు మెత్తబడ్డారు కూడా. అయినా కల్పన తప్ప ఎవరూ ఓటీపీ చెప్పలేదు.

శనివారం లక్ష్మీపతి నారాయణమ్మను పక్కకు పిలిచాడు. "ఇంత రచ్చ ఏంటికమ్మా? నీకు రూమిస్తా, చెకింగు లేకుండా. నువ్వొక మాట చెప్తే ఈళ్ళంతా ఓటీపీ చెప్పేస్తారు."

ఒక్క మాట చెబితే ఇల్లు, పని, మొగుడికి మందులు. కళ్ళు మూసుకుంటే జయరాముడే కనిపించాడు. ఏడుపు దిగమింగి అంది, "నాకిచ్చే రూము లక్ష్మీదేవమ్మదే గదన్నా. ఆయమ్మను బయటికి తోసి నేను యా మొగంతో పండుకోవల్ల?"

ఆదివారం పొద్దున్నే జీపు వచ్చింది. దొంగతనంగా ఇంట్లో దూరిందని లక్ష్మీపతి పెట్టిన కేసు. జుట్టు ముడేసుకునే టైము కూడా ఇవ్వకుండా నారాయణమ్మను లాక్కుపోయారు. స్టేషన్లో కూర్చోబెట్టగానే కంపెనీ నుంచి ఫోను. పోలీసు కేసున్నోళ్ళు పనికి రావొద్దు అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. అంతే. ఆమె గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నానికి బయట గోల. కిటికీలోంచి తొంగి చూసింది. స్టేషన్ ముందు తారు రోడ్డు మీద లైనిండ్లన్నీ దిగి ఉన్నాయి. చాపలు, బిందెలు, పెట్టెలు, ఉయ్యాల గుడ్డలు. మూడు రాళ్ళు పెట్టి కంపకట్టెలతో పొయ్యి ముట్టిస్తోంది ఎవరో కాదు, కల్పన!

ఎస్సై లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ఇల్లు లేదా నీకు?"

"ఉండాది సార్. స్కోరు గూడా ఉండాది. ఇద్దో, తాళంచెవి. ఓనరుకిచ్చేయండి. అందరమూ ఖాళీ చేసినాం. అక్కను ఇడిసేదాకా మా కాపురం ఈడ్నే."

లాఠీ గిన్నె మీద పడింది. ఉడికీ ఉడకని అన్నం రోడ్డు పాలైంది. ఆ తర్వాత వీపుల మీద పడింది. కల్పనను రెక్క పట్టి ఈడ్చుకొచ్చి నారాయణమ్మ పక్కన పడేశారు. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది.

నారాయణమ్మ కొంగు చింపి కట్టు కట్టింది. "నీకేంటికి మే ఇది? నీకు ఇల్లుండె గదా."

"ఉండె. నీళ్ళు ఆపినాడు గదా, నాకు గూడా ఆపినాడు. నా స్కోరు చూసి ఒక్క చెంబుడు ఇడిసినాడా?" కల్పన పళ్ళు బిగించి నవ్వింది. "నీ పని పోయిందంట గదక్కా?"

"పోయింది."

"బయట పక్క లైనోళ్ళు గూడా వచ్చినారు, వాళ్ళూ ఓటీపీ చెప్పరంట. రేపు సోమవారం. మనోళ్ళెవరూ మిషనెక్కరు. నిన్ను కంపెనీ లోపలికి రానిస్తేనే అందరూ పోతారు."

కిటికీ బయట ఎవరో మళ్ళీ పొయ్యి ముట్టించారు.