తువ్వాల దించని అడ్డా

ఐదుగురు ఆడవాళ్లను స్టేషన్ గోడకు ఆనించి నిలబెట్టారు. ఎదురుగా టీవీవాళ్ల కెమెరాలు. వాళ్లను అమ్ముకున్నవాడు మాత్రం లోపల బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. పనిచేసే అన్నలారా, అక్కలారా, చదువుకునే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కాస్త ఓపికగా వినండి. స్టేషన్ పేరు చెప్పను. పేదవాళ్లకు ఏ గేటు ముందైనా దొరికే మర్యాద ఒకటే.

అది రెండువేల పదమూడు, వానాకాలం. తెలంగాణ ఇస్తున్నామన్న కబురు వచ్చిన రోజులు. కాల్చిన పటాకుల కాగితాలు ఉప్పల్ రింగురోడ్డు మీద ఇంకా తడిసి అంటుకునే ఉన్నాయి. ఆ ఐదుగురిలో ఒకతి మా సంతోషి.

మా అంటే ఉప్పల్ అడ్డా కూలీలం. తెల్లారేసరికి కొత్తగా లేస్తున్న మెట్రో స్తంభాల పక్కన నిలబడితే మేస్త్రీలు వచ్చి బండెక్కించుకుని పోతారు. ఒకరోజు నాచారంలో షెడ్డు పని, ఇంకోరోజు ఏదో కాలనీలో స్లాబు పని. సిమెంటు దుమ్ముకు ఆడవాళ్లు ముక్కూ నోరూ కప్పి తువ్వాల కడతారు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఒకసారి సైటులో మట్టిపెళ్ల విరిగి ఒకామె కింద ఉండిపోతే, తువ్వాలల గుంపులో ఆమె లేదన్న సంగతి ఇంటికొచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి మా అడ్డాలో ఒక అలవాటు. సాయంత్రం బండి రాగానే అందరిలోకి పెద్దదైన దుర్గమ్మ దాని పక్కన నిలబడుతుంది.

"అందరొచ్చిన్రా? తువ్వాలలు దించున్రి. మొకాలు జూపియ్యిన్రి" అంటుంది.

ఒక్కొక్కరూ తువ్వాల దించాలి. ఆమె చూడాలి. అప్పుడే ఇంటికి పోవాలి.

సంతోషి ఆ దుర్గమ్మ బిడ్డే. ఇరవై రెండేళ్లది, మస్తు మాటకారి. మేస్త్రీ దామోదర్ పుణెలో అపార్టుమెంట్ల పని ఉందనీ, ఉండటానికి గది కూడా ఇస్తారనీ చెప్పాడు. వాడిదీ దుర్గమ్మ వాళ్ల పాలమూరే. "మనోడే గదా" అని దుర్గమ్మే బిడ్డను బండెక్కించింది. ఆ తర్వాత ఎన్ని బండ్లు వచ్చినా ఆ ముఖం రాలేదు. తల్లి ఎక్కని స్టేషన్ మెట్టు లేదు. "పెద్దపిల్లే గదా, ఎవనితోనో పోయుంటది" అని నవ్వి పంపారు. ఏడాది తిరిగాక, దమ్మాయిగూడ అవతల ఒక ఇంటి మీద పోలీసుల దాడి జరిగి వీళ్లు దొరికారు. పుణె లేదు, అపార్టుమెంటూ లేదు. వాడు వాళ్లను ఎందుకు అమ్మాడో విప్పి చెప్పక్కరలేదు, మీరు చిన్నపిల్లలు కారు.

చిల్కానగర్‌లో ఉండే మానస అనే పిల్ల మా కూలీల సంఘానికి వచ్చేది. లా చదువుతోంది. ఆ రోజు ఇన్‌స్పెక్టర్‌తో గేటు దగ్గరే వాదనకు దిగింది.

"సార్, వీళ్ల మీద కేసెట్ల పెడ్తరు? వీళ్లు బాధితులు."

"వాళ్లిష్టంతోనే బండెక్కిన్రు. ఎవ్వడు గుంజుకపోలే" అన్నాడాయన.

"ఈ యేడే చట్టం మార్చిన్రు సార్. ఆశ జూపి, మోసంజేసి తీస్కపోయినా అమ్మినట్టే. వాళ్లు ఒప్పుకున్నరా లేదా అన్నది లెక్కల్నే లేదు. వాళ్ల మొకాలు, పేర్లు బయటపెట్టుడు గూడ నేరమే. ముందు ఆ కెమెరాలను పంపియ్యిన్రి."

ఇష్టంతో బండెక్కారట! అడ్డాలో ఎవరు ఇష్టం లేకుండా బండెక్కుతారు? ఎక్కకపోతే పొయ్యి వెలగదు.

ఆ ఐదుగురూ చున్నీలూ కొంగులూ ముఖాల మీదికి లాక్కుని తలలు దించుకుని ఉన్నారు. అంతలో దుర్గమ్మ వచ్చింది. నాచారంలో పని మధ్యలో కబురు తెలిసి, సిమెంటు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. మమ్మల్ని తోసుకుని పోయి ఆ పిల్ల ముందు నిలబడింది. ఏడాదిగా ప్రతి సాయంత్రం ఏ ముఖం కోసం చూసిందో, అది ఆ గుడ్డ వెనక ఉంది.

"ఒచ్చినావా బిడ్డా? మొకం జూపియ్యి" అంటూ గుడ్డ కిందికి లాగింది.

కెమెరాలన్నీ ఒక్కసారి మెరిశాయి. దుర్గమ్మకు అవేమీ కనబడలేదు. బిడ్డ బుగ్గల మీద సిమెంటు చేతులు పెట్టి ఏడుస్తోంది. సంతోషి మాత్రం కెమెరాల వైపే చూస్తోంది.

సాయంత్రానికల్లా ఆ ముఖం ఇంటింటి టీవీలో ఉంది. తల్లి ఉంది గనుక సంతోషిని ఆమెకు అప్పగించారు. మిగిలిన నలుగురినీ సర్కారు హోమ్‌లో పెట్టి బయట తాళం వేశారు. కాపాడి తెచ్చినవాళ్లకు తాళమెందుకు? దామోదర్ మాత్రం జామీను మీద దర్జాగా బయటికొచ్చాడు.

ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. అడ్డాలో మేస్త్రీలు సంతోషిని చూసి వెకిలిగా నవ్వేవారు. ఆమె తువ్వాల తీయడం మానేసింది. అన్నం తినేటప్పుడు కూడా గోడవైపు తిరిగి, తువ్వాల కింద నుంచి ముద్ద పెట్టుకునేది. ఒంట్లో జ్వరం ఉంది, దగ్గు ఉంది, ఆ ఇంటినుంచి మోసుకొచ్చినవే. దవాఖానాకు తీసుకుపోతే చీటీ రాసేవాడు ముఖం చూపమన్నాడు. చూపింది. "నువ్వు టీవీల ఒచ్చినవు గదా!" అన్నాడు, పక్కవాళ్లందరికీ వినబడేలా.

మళ్లీ దవాఖానా గడప తొక్కలేదు. ఎంత బతిమాలినా రాలేదు. దసరా ముందర ప్రాణం పోయింది. కడగడానికి తువ్వాల విప్పబోతే దుర్గమ్మ అడ్డుపడింది. "ఉండనియ్యిన్రి. గట్లనే ఉండనియ్యిన్రి" అంది. అలాగే సాగనంపాం.

కేసు వాయిదా దగ్గరపడింది. హోమ్‌లో ఉన్న నలుగురిలో సత్యవేణిది గోదావరి జిల్లా. మానస పోయి కలిస్తే ఆమె ఒకే మాట చెప్పింది. "నిజం చెప్పడానికి నాకు భయం లేదు. కానీ ఊళ్లో నా కొడుకున్నాడు. నా ముఖం బయటపడితే నోరు విప్పను."

ఆమె నోరు విప్పకపోతే దామోదర్ మళ్లీ మా అడ్డాకే వచ్చి మనుషులను ఏరుకుంటాడు. అది మాకందరికీ తెలుసు. మెట్రో స్తంభాల కింద మీటింగు పెట్టాం.

"కోర్టుల తలుపులు మూసి వింటరు. గేటు దగ్గరనే కష్టం. కెమెరాలన్ని ఆడనే ఉంటయి" అంది మానస.

తాపీపని చేసే కనకరాజు లేచాడు. "మనకెందుకే ఈ లొల్లి? అడ్డ మీది ఆడోల్లంత గసొంటోల్లే అంటున్నరు. మా ఇంటిదాన్ని పనికి తోలాలంటే సిగ్గైతుంది."

దుర్గమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది. "నా బిడ్డ ఎక్కిన బండే గద కనకరాజూ, నీ పెండ్లాం రోజు ఎక్కేది? ఆ దామోదర్ గాడు నా బిడ్డను అమ్మిండు. మొకం మాత్రం నేనే బజార్ల పెట్టిన. ఈ నలుగురివి పెట్టనియ్య. నాకు మీ తువ్వాలలు గావాలె. గంతే."

కనకరాజు తలవంచుకుని కూర్చున్నాడు. ఎవరో మెల్లగా "నేనొస్త" అన్నారు. ఆ తర్వాత అడ్డా అంతా అదే మాట అంది.

వాయిదా రోజున ఉప్పల్ అడ్డాలో ఒక్క బండీ కదల్లేదు. కోర్టు గేటు ముందు ఎటు చూసినా తువ్వాలలే. కనకరాజు తన మీసాల మీదుగా భార్య తువ్వాల కట్టుకుని, ఊపిరాడక తిప్పలు పడుతూ నిలబడ్డాడు. హోమ్ నుంచి వ్యాను రాగానే మా ఆడవాళ్లు దాని చుట్టూ మూగారు. నలుగురూ దిగారు. నాలుగు తువ్వాలలు వాళ్ల ముఖాలకు చేరాయి. ఇక ఎవరు కూలీయో, ఎవరు బాధితురాలో దేవుడికి కూడా తెలియదు. కెమెరాలవాళ్లు అటూ ఇటూ ఉరికారు.

ఇన్‌స్పెక్టర్‌కు మండింది. "ఏందీ నాటకం? తువ్వాలలు దీయున్రి!"

ఎవరూ తీయలేదు. ఆయన తనకు దగ్గరగా ఉన్న ఒకామె ముఖం మీదికి చేయి చాచాడు. దుర్గమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఒక్కపారి నేనే దీసిన సారూ. ఇంకోపారి దియ్యనియ్య."

డ్యూటీకి అడ్డం వచ్చిందని దుర్గమ్మను జీపులోకి తోసుకుపోయారు. ఆ గందరగోళంలోనే నలుగురూ లోపలికి చేరారు. మూసిన తలుపుల వెనక సత్యవేణి అంతా చెప్పింది. దామోదర్‌ను వేలుపెట్టి చూపించింది. వాడి జామీను రద్దు చేశారు. వాళ్ల నలుగురి మీది కేసు తీసేసి, ఇష్టమైన చోటికి పొమ్మన్నారు. గెలిచాం. గెలిచినందుకు ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఉండవలసిన మనిషి లేదు.

సాయంత్రం అందరం దుర్గమ్మను ఉంచిన స్టేషన్ ముందుకు వచ్చి రోడ్డు మీద కూర్చున్నాం. నాచారం ఫ్యాక్టరీల షిఫ్టు దిగినవాళ్లు కర్చీఫులు కట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. మానస కాలేజీ పిల్లలు వచ్చారు.

"మొకాలు జూపిచ్చి ఇండ్లకు పోతే, ముసల్దాన్ని ఇడ్సిపెడ్త" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కనకరాజు లేచాడు. "మాకు జెప్పెటామె లోపల ఉన్నది సార్. ఆమె దించమంటెనే దించుతం."

లాకప్ కిటికీ రోడ్డు వైపే ఉంది. మా గొంతులు విని దుర్గమ్మ కమ్మీలు పట్టుకుని నిలబడింది. అదే వేళ, అదే అలవాటు.

"అందరొచ్చిన్రా?" అని అడిగింది.

రోజూ వెంటనే "ఒచ్చినం" అని జవాబు వచ్చేది.

ఆ రోజు గుంపులోంచి తువ్వాల కట్టుకున్న ఒకామె లేచింది. గొంతును బట్టి, ఊరికి పోకుండా మాతోనే ఉండిపోయిన సత్యవేణి అని తెలిసింది.

"రాలేదమ్మా. మాలా అమ్ముడుపోయినవాళ్లు ఇంకా చాలామంది రావాలి. వాళ్లొచ్చేదాకా మేం లేవం."