చిక్కటి నీళ్లు

మింగడం తనకు ఎవరు నేర్పారు? ఉప్పల్ డిపో దగ్గర బస్సు కోసం నిలబడి టీ తాగే ప్రతి ఉదయం చిదంబరం తనను తాను ఈ ప్రశ్న అడుగుతాడు. జవాబు రాకముందే గుటక దిగిపోతుంది.

నాచారం కళాశాలలో, మాటకూ మింగడానికీ వచ్చే లోపాల చికిత్స చదివే పీజీ విద్యార్థులకు ఆయన ఇరవై రెండేళ్లుగా ఒకే పాఠం చెబుతున్నాడు. పొట్టి మనిషి; చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టీలు చెంచా. గది చీకటి చేసి ఎక్స్‌రే చిత్రం నడిపితే తెర మీద నల్లని ధార నాలుక దాటి, సందెవేళ వాగులా మెడలోకి జారుతుంది. ఒక పాయ మాత్రం దారి తప్పి ఊపిరి గొట్టంలోకి పోతుంది. దగ్గు కూడా రాదు.

ఇప్పుడు చూపించే ఆ మెడ బిక్షపతిది. నూలు మిల్లులో పనిచేసినవాడు. పక్షవాతం వచ్చి రెండేళ్లు. ప్రతి గురువారం భార్య కౌసల్యమ్మతో వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు. విద్యార్థులు అతని గొంతు మీద నాలుగు వేళ్లు ఆనించి గుటకలు గుర్తుపట్టడం నేర్చుకుంటారు. నీళ్లు దారి తప్పకుండా, పొడి కలిపి చిక్కగా చేసే అతనికి ఇవ్వాలన్నది చిదంబరం రాసిన నియమం.

"ఏంది సారూ, గంజి లెక్క జేసి నీళ్లంటరు," అన్నాడు బిక్షపతి ఒక గురువారం, ముద్దమాటలతో. "రెండేండ్ల సంది దూప తీరలే. రేపు భువనగిరికి బోతున్నం, బిడ్డ తాన ఉంటం. ఇగ రాను. ఒక్క గుటక మంచినీళ్లియ్యిన్రి."

"ఊకో, సారును సతాయించకు," అంది కౌసల్యమ్మ. "మిల్లుల చెంబెత్తి గటగట తాగెటోడు సారూ. గదే యాది."

"ఊపిరితిత్తులకు ప్రమాదం," అన్నాడు చిదంబరం, ఎప్పుడూ అన్నట్టే.

చెప్పి చెప్పి ఆయన నోరెండింది. తెర వైపే చూస్తూ, తనదే అనుకుని బల్ల మీది గ్లాసు అందుకుని తాగాడు. చల్లగా, బరువుగా ఏదో నాలుక మీద కూర్చుంది, జారింది, దిగింది. దాహం ఉన్నచోటే ఉంది.

"నాది తాగిన్రు సారూ!" బిక్షపతి సగం మూతితో నవ్వాడు. "తీరిందా?"

ఇన్నేళ్లూ ఆ చిక్కదనాన్ని ఆయన చెంచాతో పరీక్షించాడు. దప్పికతో ఒక్కసారీ తాగలేదు. గొంతు దాటించడమేనా మింగడమంటే? నోరు శుభ్రం చేశాక కొందరికి మంచినీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వవచ్చని ఎప్పుడో చదివాడు. ఇవ్వడానికే జంకాడు.

"నోరు కడిగి ఇస్తే ప్రమాదం తగ్గుతుంది, పోదు," అన్నాడు మెల్లగా.

"ఎరుకే సారూ. ఊపిరి నాదే గద."

"పద్మశ్రీ, బ్రష్ తీసుకురామ్మా," అన్నాడు ముందు వరుసలోని విద్యార్థినితో.

తానే అతని నోరు శుభ్రం చేశాడు. గడ్డం ఛాతీకి ఆనించమని చెప్పి, జేబులోని చెంచా కడిగి మంచినీళ్లు పట్టాడు. వేళ్ల కింద గొంతు లేచింది, దిగింది. నీళ్లు దారి తప్పి గొంతులో తడి మోగుతుందేమోనని "ఆ" అనిపించాడు. తేటగా పలికింది. రెండో చెంచా. మూడోది. బిక్షపతి కళ్లు మూసుకుని ఎక్కడో ఉన్నాడు.

వెళ్లేటప్పుడు చిదంబరం చెంచాను కౌసల్యమ్మ చేతిలో పెట్టాడు. "నోరు కడిగాకే అమ్మా. దీంతోనే."

వాళ్లు మెట్లు దిగిపోయారు. బల్ల మీద చిక్కటి నీళ్ల గ్లాసు మిగిలింది, చిదంబరం తాగిన గుటక మేర మాత్రమే తగ్గి.