ప్లైవుడ్ కెథడ్రల్‌లో లస్మయ్య

ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ఇంకో ఏడాదుంది. చూడటానికి వచ్చే విదేశీయుల కోసం ఈ గల్ఫ్ ఊళ్లో, వెస్ట్ బే అనేచోట మా కంపెనీ ఒక కెథడ్రల్, అంటే పెద్ద చర్చి, కట్టింది. నిజంది కాదు లెండి, ప్లైవుడ్‌ది. అసలుది ఐరోపాలో ఏ మూలో ఉందట. ఎగ్జిబిషన్ డిజైనర్ సుహాసిని మేడం దాని చరిత్ర రోజూ మా చెవుల్లో పోసేది. మూడు తరాల వాళ్లు రాళ్లు మోసి కట్టారట. యుద్ధంలో సిపాయిలు అందులో గుర్రాలు కట్టేశారట. ఆ తర్వాత సర్కారు ప్రార్థనలు ఆపించి, మ్యూజియం చేసి, టికెట్ పెట్టిందట.

"భక్తి పోయినా బిల్డింగ్ మిగిలింది. అదే కదండీ నాగరికత!" అనేది ఈ విజయవాడ మేడం. నాగరికత నా మొహం. రాళ్లు మోసినవాళ్లలో ఒక్కడి పేరు చెప్పమంటే తెలియదు.

నేను గయాజ్, బోధన్ నుంచి వచ్చిన ఫోర్‌మన్‌ని. నా కింద కార్పెంటర్ లస్మయ్యది జగిత్యాల పక్క పల్లె. ఒకరోజు లోపల ప్రార్థన చేసే గద్దె మీద శిలువ బిగించమంటే సేఫ్టీ బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

"పాగల్ అయినవా లస్మన్నా? ఇది ఉత్త డబ్బా. సేఫ్టీవాడు చూస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతడు."

"ఎవరి దేవుడైతేంది గయాజ్ భాయ్, దేవుడే గద. బూట్లతోటి గద్దె ఎట్ల ఎక్కుత?"

తిట్టి మళ్లీ తొడిగించాను. అదంతా చూసిన మేడం పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఎంత బావుందో! ఇంకొక్కసారి విప్పు లస్మయ్యా. చేతులు జోడించు, ఫోటో తీస్తాను."

విప్పాడు. ఫోటో తీస్తుండగానే సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. ముందు నెల ఒకడికి కాల్లో మేకు దిగినప్పటి నుంచి, ఉత్తి కాళ్లతో కనబడితే ఇంటికే.

"విప్పమన్నది ఎవరు?" అన్నాడు.

మేడమే అని నేను చెప్పాను. వాడు ఆమె వైపు చూశాడు. "అవును, నేనే" అంటే చాలు, లస్మయ్య నౌకరీ నిలిచేది.

"నేనిప్పుడే వచ్చానండీ" అంది, కెమెరా మూత వెతుక్కుంటూ.

థూ! ఏం చదువో, ఏం పుట్టుకో. వారం తిరిగేసరికి లస్మయ్యను విమానం ఎక్కించారు.

ఓపెనింగ్ రోజు ఆ ఫోటో గుమ్మంలో పెట్టారు, నిలువెత్తుది. కింద 'భక్తుడు' అని ఇంగ్లీషులో, అరబ్బీలో రాశారు. పేరు లేదు. తేరిపార చూస్తే కాళ్లకు బూట్లున్నాయి, కొత్తవి, తళతళలాడేవి!

"కంప్యూటర్‌లో పెట్టించాను గయాజ్. ప్రెస్ వాళ్లొస్తారు కదా. ఉత్తి కాళ్లు చూస్తే పనివాళ్లకు బూట్లు కూడా ఇవ్వరని రాసేస్తారు" అంది మేడం, సిగ్గన్నది లేకుండా నవ్వుతూ.

"ఆ బూట్లు ఆరోజే తొడిగితే ఆయన నౌకరీ ఉంటుండె మేడం."

ఆమె ఫోటో మీది దుమ్ము తుడవసాగింది.

ఇద్దరం కలిసి ఆమెను తిట్టుకోవచ్చని ఫోటో లస్మయ్యకు వాట్సాప్ చేశాను. వెంటనే ఫోన్ చేశాడు. నౌకరీ ఊసే ఎత్తలేదు.

"గయాజ్ భాయ్, నేను విప్పిన గద? నువ్వు చూసినవ్ గద?"

"చూసిన లస్మన్నా."

"మరి దేవుని గద్దె మీద నాకు బూట్లెందుకు తొడిగిండ్రు?" అని ఏడ్చాడు.