మట్టి గడువు

ఖియెమ్ చేసే పనిని ఆ చుట్టుపట్ల ఎవరూ పేరుపెట్టి చెప్పరు. "ఆయన పని" అంటారు, అంతే. పోయినవారిని మట్టి చేసిన మూడేళ్ళకు, చలి మొదలయ్యాక, సూర్యకిరణం సోకకముందే సమాధి తవ్వి, అస్థులను వెలికితీసి, సుగంధమూలికలు మరిగించిన నీటితో కడిగి, బియ్యపు సారాతో తుడిచి, చిన్న మట్టిపెట్టెలో పాదాల నుంచి శిరస్సు దాకా వరుస తప్పకుండా అమర్చి, ఎర్రగుడ్డ కప్పి, మళ్ళీ భూమికి అప్పగించడం ఆయన పని. ఆ రెండో అప్పగింత జరిగేదాకా పోయినవానికి విశ్రాంతి లేదు, ఉన్నవారికి నిశ్చింత లేదు.

థాయ్‌బిన్ నది ఒడ్డున మూడు గ్రామాలకు ఆయన ఒక్కడే. అరవై మూడేళ్ళ వయసులోనూ ఆయన చేతులు వణకవు. అస్థుల విషయంలో ఆయన అబద్ధం చెప్పడని పసివాళ్ళకు కూడా తెలుసు. ఒకమారు ఒక పెద్ద ఇంటి ముసలాయన కాలివేలి ఎముక ఒకటి కనబడలేదు. మరొకడైతే మల్బరీ పుల్ల చెక్కి ఆ స్థానంలో ఉంచేవాడు. అది పూర్వాచారమే, తప్పుకాదు కూడా. ఖియెమ్ మాత్రం గోతికి ఎండ తగలకుండా పైన కట్టిన చాప నీడలో కూర్చుని పొద్దెక్కేదాకా బురదను వేళ్ళతో పిసికాడు. చివరికి లేచి, "దొరకలేదు బాబూ. పుల్ల పెడుతున్నాను. మీరు తెలుసుకుని ఉండాలి" అని చెప్పి తల వంచుకున్నాడు.

అది గుర్రపు సంవత్సరం; దొరల లెక్కలో పంతొమ్మిదివందల యాభైనాలుగు. ఆ ఏడు లోకంలో ఏం జరిగినా, ఆ వార్త రేవు పక్కనున్న టీకొట్టు దగ్గరకు వచ్చి ఆగేది. గోడకు అద్దం తగిలించుకుని క్షురకర్మ చేసే సుంగ్, టీకొట్టు ముసలమ్మ పల్లీపట్టి చుట్టడానికి తెచ్చుకున్న పాత పత్రికలను ముందుగా తాను చదివి, ఆపైన అందరికీ వినిపించేవాడు. ఎక్కడో మహాసముద్రంలో బాంబు పేల్చారనీ, చేపలు పట్టుకునే జపానువాళ్ళ మీద తెల్లటి బూడిద రాలిందనీ వసంతంలో చదివాడు. వేసవిలో ఇంకొకటి.

"ఇది విను అన్నా. ఇంగ్లీషువాడొకడు మైలు దూరం నాలుగు నిమిషాలలోపే పరిగెత్తాడట. లోకంలో ఇంతవరకూ ఎవరివల్లా కాలేదట."

"ఎవరు తరిమారు?" అన్నాడు ఖియెమ్.

"ఎవరూ తరమలేదట. ఊరికే పరిగెత్తాడట."

"ఊరికే పరిగెత్తేవాళ్ళు కూడా ఉన్నారా తండ్రీ," అంది ముసలమ్మ టీ వంచుతూ. "మనూళ్ళో అయితే వెనక తుపాకీ ఉండాలి, లేదా ఎనుబోతు ఉండాలి."

అందరూ నవ్వారు. సుంగ్ కాగితం తిప్పాడు. ఆ పరుగు జరిగిన మరునాడే, పడమటి కొండల నడుమ లోయలో ఫ్రెంచివారి కోట యాభైఆరు రోజుల యుద్ధం తరవాత కూలిపోయిందని వెనకవైపున ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ కోటలో ఒకరి తమ్ముడున్నాడు, కోటను ముట్టడించినవారి కందకాల్లో ఇంకొకరి కొడుకున్నాడు. ఇద్దరూ ఆ బల్ల మీదనే టీ తాగేవారు.

వానాకాలంలో, పడమటి దేశాల్లో ఎక్కడో సరస్సు పక్కనున్న పట్నంలో పెద్దలు కూర్చుని దేశాన్ని ఒక గీతతో రెండు చేశారని తెలిసింది. ఉత్తరం ఫ్రెంచివారితో పోరాడినవారికి, దక్షిణం ఫ్రెంచివారి పక్షానికి. ఎటువారు అటు పోవడానికి మూడువందల రోజులు. ఈ ప్రాంతానికి మాత్రం అంత లేదు. అక్టోబరు నెలాఖరుకు ఫ్రెంచి సైన్యం ఖాళీ చేసి హైఫాంగ్ రేవు వైపు వెళ్ళిపోతుంది.

"రెండేళ్ళేనట అన్నా. రెండేళ్ళకి ఎన్నికలు పెట్టి గీత చెరిపేస్తారట. ఇదిగో, రాసుంది," అని సుంగ్ ఆ పేరా మీద దువ్వెనతో తట్టి చూపించాడు.

ఆ రోజుల్లోనే లువా వచ్చింది.

లువాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆమె భర్త విన్ ఫ్రెంచివారి పక్షాన ఉన్న సైన్యంలో లారీ నడిపేవాడు. క్రిందటి ఏడు రెండో నెలలో ఆ లారీ మందుపాతర మీద ఎక్కింది. అతణ్ణి గట్టు కింద పొలంలో పూడ్చిన నలుగురిలో ఖియెమ్ ఒకడు. ఇప్పుడు హైఫాంగ్‌లో ఉన్న బావగారు కుటుంబానికంతటికీ దక్షిణానికి పోయే ఓడలో చోటు చూసిపెట్టి కబురుపెట్టాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందు సైన్యపు లారీ ఒకటి ఊరి మీదుగా వెళ్తుంది. అదే ఆఖరిది.

"పెదనాన్నా, ఆయన్ని తీసిపెట్టండి," అంది లువా గుమ్మంలోనే నిలబడి.

"ఇరవై నెలలే అయింది తల్లీ."

"తెలుసు."

"అది బంకమట్టి. పోయిన ఏడంతా నీళ్ళలో నానింది. ఇప్పుడు తెరిస్తే నీకు అస్థులు కనబడవు. కనబడకూడనిది కనబడుతుంది."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. నడివయసులో, ఒక జమీందారు బలవంతం మీద రెండేళ్ళకే అతని కొడుకు సమాధి తెరిచాడు. ఆ ఇంటి కోడలు పక్కకు తిరగమన్నా తిరగలేదు, చూసింది. తరవాత ఆమె బతికిన పదకొండేళ్ళూ భర్త పేరు ఎత్తలేదు. ఆయన పటం ముందు అగరుబత్తి వెలిగించాల్సి వచ్చినా కళ్ళు మూసుకునేది.

"మరి నేనేం చెయ్యను?" అంది లువా. "మా అత్త సంగతి మీకు తెలుసుగా. 'నా కొడుకు కదలందే నేను కదలను, నేను కదలందే మనవడు కదలడు' అని వాణ్ణి ఒళ్ళోంచి దింపడం లేదు. కొడుకుని వదిలి నేనెలా పోతాను? ఉండిపోతే వాళ్ళ నాన్న ఏ సైన్యంలో చేశాడో ఊరందరికీ తెలుసు. రేపు వాణ్ణి బళ్ళో ఎవరి కొడుకువంటే ఏం చెప్తాడు?"

"అబద్ధం చెప్పమను," అనబోయి ఖియెమ్ ఆగిపోయాడు. ఆ మాట తన నోటికి అలవాటు లేనిది.

"సరస్సు పక్కన కూర్చుని దేశానికి గడువు పెట్టారు. మీరు ఒక్క సమాధికి తగ్గించలేరా పెదనాన్నా?"

"వాళ్ళు గీసింది కాగితం మీద తల్లీ. నేను తవ్వేది మట్టి. దానికి చెప్పినా వినదు."

"సరే. పార మీ ఇంట్లోనే కాదు, మా ఇంట్లోనూ ఉంది," అని వెనుదిరిగింది.

ఆమె అన్నంత పనీ చేస్తుంది. పసితనం నుంచి ఆయన ఎరిగిన పిల్ల. ఖియెమ్ వాకిట్లోకి వచ్చి పిలిచాడు. "ఆగు. తవ్వుతాను. కానీ మూత మీద తట్టి నేను ఏం చెప్తే అదే ఆఖరు మాట. నేను పిలిచేదాకా నువ్వు ఇటు తిరగకూడదు."

"తిరగను," అంది లువా.

చాంద్రమానంలో పదో నెల మొదటి రోజులు; లారీ వచ్చేది ఆ పొద్దుటే. ఆకాశంలో చంద్రుడు లేడు. తెల్లవారడానికి ఇంకా జాము ఉందనగా పొలాల మీద మంచు పాలలా పరచుకుంది. గట్టు మీద విన్ తల్లి చాప వేసుకుని, తాంబూలం నములుతూ, నిద్రపోతున్న ఆరేళ్ళ మనవణ్ణి దుప్పటిలో చుట్టి కూర్చుంది. పక్కన మూలికల నీళ్ళ కుండ, కొత్త మట్టిపెట్టె, మడతపెట్టిన ఎర్రగుడ్డ. లువా లాంతరు పట్టుకుని సమాధి తలవైపున, వీపు ఇటు పెట్టి నిలబడింది. లాంతరు వెలుగంతా ఆమె ముందున్న గడ్డి మీదే పడుతోంది. గోతిలో చీకటి.

ఖియెమ్ అగరుబత్తులు గుచ్చి, విన్‌ను పేరుపెట్టి పిలిచి, క్షమించమని అడిగి, పార దించాడు. మోకాలి లోతులోనే నీరు ఊరింది. నడుము లోతులో పార చెక్కకు తగిలింది. చేత్తో బురద తుడిచి, పారకర్రతో మూత మీద మూడుసార్లు తట్టాడు.

సిద్ధమైన పెట్టె ఎండిన సొరకాయలా పలుకుతుంది. ఇది పలకలేదు. నీళ్ళలో నానిన దుంగను కొట్టినట్టు మొద్దుగా, బరువుగా ఒక మోత వచ్చి గోతిలోనే అణగిపోయింది. దాని వెంట వచ్చిన వాసన ఆయనకు చెప్పవలసిన మిగతాది చెప్పింది.

"ఏమైంది?" గట్టు మీద నుంచి ముసలామె అడిగింది. "మావాడు సిద్ధంగా ఉన్నాడా?"

కాలేదు అన్న ఒక్క మాట చాలు. అది నిజం. ఆ నిజం చెబితే ఆ ముసలామె చాప మీద నుంచి లేవదు. ఒడిలోని పిల్లవాడు లేవడు. ఇక్కడ వీపు తిప్పి నిలబడినది లారీ ఎక్కదు. నలభైఏళ్ళుగా తాను కాపాడుకుంటూ వచ్చిన సత్యం ఈ మూడు ప్రాణాల ముందు ఎంత బరువో ఖియెమ్ తూచి చూడలేదు. తూచేంత వ్యవధి లేదు, తూరుపు తెలుపెక్కుతోంది.

"అమ్మా," అన్నాడు గొంతెత్తి. "సమాధి కుదురుకుంది. పెట్టె మూత నిండా ఎర్రదారాలు అల్లుకున్నాయి."

ఆ మాటకు అర్థం ఆ నేల మీద పుట్టిన ఎవరికైనా తెలుసు. ఏ నూటికో ఒక సమాధి అలా కుదురుకుంటుంది. భూమి పోయినవాణ్ణి తన బిడ్డగా స్వీకరించిందని గుర్తు. వాని సంతతి వర్ధిల్లుతుంది. అలాంటి సమాధిని కదపరాదు. తెరిచినవాడు తక్షణం పూడ్చి క్షమాపణ చెప్పుకోవాలి.

ముసలామె చాప మీదే మోకరిల్లింది. నల్లటి పళ్ళ మధ్యనుంచి తాంబూలం జారిపోయింది. "పూడ్చెయ్ అన్నయ్యా, పూడ్చెయ్. గాలి తగలనీకు. చిన్నప్పుడు కూడా అంతేలే వాడు. పడుకుంటే లేపనిచ్చేవాడు కాదు." అలా అంటూనే ఏడ్చింది, నవ్వింది, నిద్రలోని మనవడి నుదుటిని మట్టికి ఆనించింది.

లువా వెనక్కి తిరగలేదు. లాంతరు కొంచెం కూడా కదలలేదు. ఖియెమ్ మట్టి లాగి గోతిని పూడ్చాడు.

ఎండ వచ్చేసరికి రేవు దగ్గర లారీ ఆగింది. అందరికంటే ముందు ఎక్కింది ముసలామే. "తొందరగా రావే, నా కొడుకు కుదురుకుని కూర్చుంటే నీకు ఇంకా తాత్సారం," అని కోడల్ని పైనుంచి కసిరింది. జనం నవ్వుతూ ఆమెకు చోటిచ్చారు. లువా పిల్లవాణ్ణి అందించి, మూటలు అందించి, ఆఖరున మట్టిపెట్టెను రెండు చేతులతో ఎత్తి ఖియెమ్ ముందుకు తెచ్చింది. లోపల ఎర్రగుడ్డ మడత ఉంది.

"ఇది దారిలో పగులుతుంది పెదనాన్నా. మీ దగ్గర ఉంచండి."

ఆయన అందుకున్నాడు. బరువు చేతుల్లోకి వచ్చాక గాని ఆలోచన రాలేదు. ఎన్నడూ తెరవకూడని సమాధికి పెట్టెతో ఏం పని? ఎర్రగుడ్డతో ఏం పని? తల ఎత్తి చూశాడు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. లాంతరు ఆ తెల్లవారుజామంతా తన చేతిలోనే ఉన్న సంగతి, గోతిలో దారాలు కాదు కదా ఆయన చేతులే ఆయనకు కనబడి ఉండవన్న సంగతి, ఆమె ఆ చూపులో ఎక్కడా దాచలేదు.

"మూడో ఏడు నిండాక," అంది నెమ్మదిగా, పైనున్న అత్తకు వినబడకుండా. "నేను రాగలిగితే వస్తాను. రాలేకపోతే, కాలివేళ్ళ దగ్గర జాగ్రత్త. ఎడమకాలి వేలొకటి చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. దొరక్కపోతే చెప్పండి. పుల్ల పెట్టినా చెప్పండి."

"చెప్తాను తల్లీ," అన్నాడు ఖియెమ్.

లారీ వెళ్ళిపోయింది. మరి రెండు రోజులకు సైన్యం వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే కొత్త జెండాలు వచ్చాయి.

ఆ చలికాలం ఖియెమ్ ఆరు సమాధులు తెరిచాడు. ప్రతిసారీ మూత మీద తట్టేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగేది; ముందెన్నడూ ఆగని చెయ్యి. చేసిన పాపానికి విన్ సమాధి దగ్గర పాడ్యమికీ పున్నమికీ అగరుబత్తి వెలిగించేవాడు. "నీ తల్లితో అబద్ధమాడాను. నీతో ఆడను. నీ వంతు నేను చేస్తాను. నువ్వు కాస్త ఓపికపట్టు" అని చెప్పుకునేవాడు. తనకు కూడా ఓపిక ఇవ్వమని వేడుకునేది మాత్రం ఇంటికి వచ్చాక, తన పూర్వీకుల పీఠం ముందు.

ఏడాది చివరి నెలలో కొత్త గ్రామ కమిటీ నుంచి ఇద్దరు యువకులు ఇల్లిల్లూ చూస్తూ ఖియెమ్ ఇంటికి వచ్చారు. మర్యాదగా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. మంచం కిందున్న మట్టిపెట్టెను చూసి ఒకడు వంగాడు.

"తాతా, ఇదెవరిది? ఎవరో వెళ్ళిపోయినవాళ్ళు దాచమన్నదా?"

ఖియెమ్ ఇద్దరినీ చూశాడు. పెద్దవాడి తాత అస్థులు కడిగింది తానే. దొరకని ఆ కాలివేలి మనిషి మనవడే ఇతను.

"నాదే," అన్నాడు.

"నీదా?" రెండోవాడు నవ్వాడు. "శవపేటిక ముందే చేయించుకునేవాళ్ళని చూశాం గాని, ఇది కూడానా? బాగానే ఉంది. మరి నిన్ను కడిగేదెవరు తాతా? ఈ పని చేసేవాడివి నువ్వొక్కడివేగా."

"అదే ఆలోచిస్తున్నా," అన్నాడు ఖియెమ్.

పెద్దవాడు నవ్వలేదు. పెట్టెలోని ఎర్రగుడ్డను ఒకసారి, ముసలాయన ముఖాన్ని ఒకసారి చూసి, "మా తాత విషయంలో ఈయన అబద్ధం చెప్పలేదు. పద" అని తోటివాణ్ణి బయటికి తీసుకుపోయాడు.

ఆ మాట పొగడ్తో హెచ్చరికో ఖియెమ్‌కు బోధపడలేదు. వాళ్ళు వెళ్ళాక ఎర్రగుడ్డ మడత విప్పి ఎండలో ఆరవేసి, రేవు దగ్గరకు నడిచాడు. సుంగ్ ఎవరికో గడ్డం గీస్తున్నాడు.

"సుంగ్, ఆ కాగితం ఒకటుందిగా. రెండేళ్ళకి గీత చెరిపేస్తారని రాసున్నది. అది మళ్ళీ ఒకసారి చదువు."

సుంగ్ కత్తి తుడుచుకుని, టీకొట్టు బల్ల కిందున్న పాత పత్రికల కట్ట విప్పాడు. పైనుంచి కిందకు వెతికాడు, కిందనుంచి పైకి వెతికాడు. బాంబు ఉంది. పరిగెత్తిన ఇంగ్లీషువాడున్నాడు. లోయలో కోట ఉంది.

"అదా?" అంది టీకొట్టు ముసలమ్మ. "పోయిన నెలలో ఎవరికో పల్లీపట్టి చుట్టి ఇచ్చేశానయ్యా. ఏం, పనుందా దాంతో?"

"లేదులే," అన్నాడు ఖియెమ్ బల్ల మీద కూర్చుంటూ. "నాకు గుర్తుంది."