వీపు పగిలిన పెంకు

మా వంటింటి కిటికీలో ఒక పగిలిన పెంకు ఉంది. ఇల్లు దులిపినప్పుడల్లా కోడలు దాన్ని చెత్తలో వేస్తుంది, నేను తెచ్చి మళ్లీ అక్కడే పెడతాను. ఆ పెంకు సంగతి దానికేం తెలుసు, పిచ్చిపిల్ల!

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పెంకుల బట్టీలో పని. మట్టిని రొట్టెలా చరిచి, సగం దుంగలాంటి చెక్క అచ్చు మీద వేసి, తడిచేత్తో నిమిరితే పెంకు. చెయ్యీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. మా ఆయన అక్కడే బోరు మిషను నడిపేవాడు. ఆ ఏడు బావి అడుగంటింది. యజమాని ఆయన చేత పల్లంలో రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్మే. "మూడోదీ ఇంతే అయితే బట్టీ మూసేస్తా. ఇళ్లు ఖాళీ చేసుకోండి," అన్నాడు.

మా వరసలో పదకొండిళ్లు. గోడకి ఈ పక్క నేను, ఆ పక్క మా అక్క. ఉప్పు కావాలంటే గోడ తట్టేవాళ్లం. పుట్టాక ఒక్కరోజు విడిగా ఉండి ఎరగం. బట్టీ మూస్తే అదెటో, నేనెటో! వారం రోజులు నాకు ముద్ద దిగలేదు.

యజమాని రాళ్ల చదువు చదివిన ఒకావిడను పిలిపించాడు. పెద్ద బూట్లు, మెడలో దిక్సూచి. రాళ్లమ్మ అని పేరు పెట్టాం. నాలుగు రోజులు గుట్టంతా ఎక్కి దిగి, ఏ పగులు ఎటు పోతోందో పుస్తకంలో రాసుకుంది.

"పగుళ్లు లెక్కపెడితే జీతమిస్తారా? అయితే మా ఆవిడ మడమల మీదే ఏడాది పనుంది," అన్నాడు మా ఆయన.

ఐదో రోజు ఆవిడ, "గుట్ట వీపు మీద వేద్దాం. చివర వాలు మొదలయ్యే చోట," అంది.

ఈయనకి ఒళ్లు మండింది. "నీరు పల్లమెరుగు అంటారమ్మా. మీ బళ్లో చెప్పలేదా?"

"రెండుసార్లూ పల్లంలోనే వేశారుగా. ఎరిగిందా మరి?"

ఆయన మొహం చూడాలి అప్పుడు!

"ఇదంతా ఒకప్పుడు చాపలా పరుచుకున్న రాతి పొరలు. రెండు పక్కలనుంచీ నెట్టుడు పడి వంగాయి. ఇక్కడ లేచి గుట్టయింది, అక్కడ కుంగి పల్లమైంది," అంది రాళ్లమ్మ.

"రాయి వంగుతుందా? విరగదూ?" అన్నాడీయన.

"విరుగుతుంది. ఎక్కడ విరుగుతుందన్నదే నా చదువంతా."

వింటూ వింటూ నా చేతికింద చూసుకున్నాను. అచ్చు మీది పెంకు పగిలి ఉంది. "ఇలాగా అమ్మా?" అని చూపించాను. వీపు మీద పొడుగునా మూడు పగుళ్లు నోళ్లు తెరుచుకున్నాయి. తిరగేస్తే కడుపువైపు ఒక్కటీ లేదు, ముడతలు పడి బిగుసుకుపోయింది.

ఆవిడ లాక్కున్నంత పని చేసింది. "ఎందుకు పగిలింది?"

"నీళ్లు చాలక, మట్టి బిర్రుగా ఉండి."

పెంకుని బోర్లా పెట్టి, "ఇది గుట్ట. వాన ఈ పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది," అంది. వెల్లకిలా తిప్పి, "ఇది మీ పల్లం. పైకి కనిపించేది కడుపు. నొక్కుకుపోయి ఉంది. పగుళ్లన్నీ ఎక్కడో అడుగున. ఇందులో నీళ్లెలా దిగుతాయి?"

మా ఆయన దాన్ని బోర్లా, వెల్లకిలా, మళ్లీ బోర్లా తిప్పాడు. "ఇన్నాళ్లూ నాకెందుకు చూపించలేదే?" అన్నాడు. చూశారా, తప్పు నాదే!

"పగిలినవి చూపిస్తే చివాట్లని మట్టిలో కలిపేసేదాన్ని," అన్నాను.

మిషను గుట్టెక్కడానికి ఒకరోజంతా పట్టింది. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టారు. నూటయాభై అడుగులు, దుమ్ము. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. రెండొందలు, దుమ్ము. యజమాని చెప్పులు వేసుకుని బయల్దేరాడు. మా ఆయన రాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ వేలితో ఇంకా కిందికి చూపించింది. ఆపలేదాయన. రెండొందల ముప్ఫై దగ్గర మిషను గొంతు మారింది. దుమ్ము ముద్దయింది, ముద్ద బురదయింది, ఆ వెనకే నీళ్లు.

ఆయన గుట్ట దిగొచ్చాడు. మొదటి బిందె తెచ్చి నా మట్టితొట్లో పోసి వెళ్లాడు. ఆ పెంకుని మాత్రం నాకు చెప్పకుండా బట్టీలో పెట్టి కాల్చాడు. పగిలిన పెంకుని పనిగట్టుకుని కాల్చిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం అక్క గోడ తట్టింది.

"ఉప్పా?" అని అరిచాను.

"కాదే. ఊరికే."

తర్వాత ముప్ఫై నాలుగేళ్లు తట్టింది, ఊరికే.