రెండో చెంచా

పాప లేవడం లేదు. ఆయా బుగ్గలు తట్టింది, అరికాళ్ళు రుద్దింది, తడిగుడ్డతో మొహం తుడిచింది. మూడేళ్ళ పిల్ల మెడ తోటకూర కాడలా వాలిపోతోంది. చుట్టూ చాపల మీద ఇంకో ఇరవై ఒక్కమంది, పట్టపగలు ఒంటిగంటకి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నారు. వాళ్ళ తల్లులు గోడకి అవతల, ఫ్యాక్టరీ హాల్లో బట్టలు కుడుతున్నారు.

"లేమ్మా, నా తల్లివి కదూ. ఒక్కసారి కళ్ళు తెరువు."

ఎంతసేపటికో రెప్పలు కదిలాయి. ఆయాకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

రోజూ పదకొండింటికి పాలతో పాటు ఒక చెంచా మందు. జలుబు మందే, ఏమీ కాదని సూపర్‌వైజరమ్మ చెప్పింది. ఇంతమందికి ఒక్క మనిషిని పెట్టాక, నిద్రపోయే పిల్లలే మంచి పిల్లలు. చెక్కదిమ్మలూ బంతులూ బొమ్మల పుస్తకాలూ అద్దాల బీరువాలో ఉన్నాయి గాని, తనిఖీ రోజున తప్ప దాని తాళం తీయరు. కిందటిసారి తనిఖీకి వచ్చినాయన ఈ పాప ఒళ్ళోకి బంతి దొర్లించాడు. పట్టుకోవాలని కూడా తోచక, అలా చూస్తూ కూర్చుంది. అయినా తనిఖీ కాగితంలో 'పరుగెడుతుంది, రంగులు గుర్తుపడుతుంది, తోటివాళ్ళతో ఆడుతుంది' అన్న గళ్ళన్నిట్లోనూ టిక్కులు పడ్డాయి. సూపర్‌వైజరమ్మ చెబుతుంటే పెట్టింది ఆయానే.

మొన్న పాప తల్లి గుమ్మంలో ఆగింది.

"పెద్దమ్మా, పక్కింటి పిల్ల దీనికన్నా చిన్నది. గబగబా మెట్లెక్కేస్తుంది, నోరు మూస్తే ఒట్టు. ఇదేమో అమ్మా అని కూడా అనదు. ఇంటికొచ్చినా తూగుతూనే ఉంటుంది. నా కడుపులోనే ఏదన్నా లోపమా?"

"కొందరు ఆలస్యంగా అందుకుంటారులేమ్మా" అంది ఆయా. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

ఇప్పుడు సూపర్‌వైజరమ్మ కొత్త సీసాతో లోపలికొచ్చింది.

"ఇవాళ కుట్టేవాళ్ళు ఏడింటిదాకా ఉండాలి. రెండింటికి ఇంకో చెంచా పట్టు."

"ఈ పిల్ల ఇప్పుడే చచ్చి బతికిందమ్మా."

"నీ చాదస్తం పాడుగాను! నిద్రపోతేనే పిల్లలు ఎదుగుతారు."

"ఎదగాలంటే మేలుకుని కూడా ఉండాలి కదమ్మా. నేను పట్టను."

"ఏంటీ?"

"పట్టను. ఇన్నాళ్ళు పట్టిన పాపం చాలు."

ఆయా పాపని భుజాన వేసుకుంది. సూపర్‌వైజరమ్మ బల్ల మీద పెట్టిన సీసా తీసుకుంది.

"ఆ గడప దాటావో, రేపట్నుంచి నీకు పని లేదు!"

ఆయా దాటింది. కుట్టుపని జరిగే హాల్లోకి ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు. వరసల మధ్య వెతుక్కుంటూ వెళ్ళి పాప తల్లి ముందు నిలబడింది.

"నీ కడుపులో ఏ లోపమూ లేదమ్మా. రోజూ ఈ సీసాలో మందు పోసి నిద్రపుచ్చుతున్నాం. నీ పిల్లకే కాదు, అందరికీ. పోసింది నేనే."

పక్క మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. వెనక నుంచి సూపర్‌వైజరమ్మ కేకలేస్తూ వస్తోంది.

తల్లి పాపని ఒళ్ళోకి తీసుకుని నోటి దగ్గర వాసన చూసింది. సీసా అందుకుని మూత తీసి, దాని వాసనా చూసింది. తర్వాత మెల్లగా తలెత్తి ఆయా చేతుల వంక చూడసాగింది.